మైనరు పిల్లలకు గిఫ్ట్ డీడ్: మేము అమెరికా పౌరులం, ఆస్తి నెల్లూరులో. ఎట్లా?

పెన్నాగట్టు_డాలస్ | నవంబరు 8

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాసింది లేదు. సంక్రాంతికి మూడు వారాలు నెల్లూరు వస్తున్నాం. ఆస్తుల సంగతి ఈసారి ఒక కొలిక్కి తేవాలని ఉంది. పోయినేడు నాకు గుండెకు స్టెంటు వేశారు. అప్పటినుంచి రాత్రిళ్ళు ఇదే ఆలోచన.

మాది కోవూరు పక్క. 2018లో అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నా, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్ళకు ఇచ్చే కార్డు) ఉంది. పొదలకూరు రోడ్డు లోపల 36 అంకణాల స్థలంలో ఒక ఇల్లు, 2012లో నేను కొన్నది, కిందా పైనా బాడుగకిచ్చాం. ఊళ్ళో మూడెకరాల మాగాణి నాయన నుంచి వచ్చింది. నాయన 2019లో పోయారు. స్టోన్‌హౌస్‌పేటలో అమ్మ ఉండే ఇల్లు అమ్మ పేరునే ఉంది, మా తాత పసుపు కుంకుమ కింద రాసిచ్చింది.

పాపకు 14, బాబుకు 9. ఇద్దరూ అమెరికాలోనే పుట్టారు. పాపకు ఓసీఐ ఉంది, చిన్నోడికి ఇంకా తియ్యలేదు, పోయినసారి ఈ-వీసా మీద తెచ్చాం. ఇల్లు పాపకు, పొలం బాబుకు గిఫ్ట్ డీడ్ చేద్దామని నా ఆలోచన. అమ్మ కూడా తన ఇల్లు మనవడికే రాస్తానంటోంది. మైనర్ల పేరున రిజిస్ట్రేషన్ అవుతుందా? వాళ్ళ తరఫున ఎవరు సంతకం పెట్టాలి? మూడు వారాల్లో అయిపోతుందా?

కావలి_కుర్రోడు | నవంబరు 8

అవుద్దన్నా, ఏం భయం లేదు. మా బాబాయి సింగపూర్ నుంచి వచ్చి పొద్దున పోయి మధ్యాహ్నానికి వాళ్ళ పాప పేరున రాయించేశాడు. పిల్లల తరఫున వదిన గార్డియనుగా సంతకం పెడితే సరి. చలానా కట్టు, ఇద్దరు సాక్షులను తీసుకుపో, ఫొటో, వేలిముద్ర, అయిపాయె.

దస్తావేజు_తాత | నవంబరు 9

అబ్బాయీ, నేను 31 ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. కావలి బాబు చెప్పిన ఆ పూటలో కాగితం అయితే పుడుతుంది. హక్కు పుడుతుందా అనేది వేరే మాట.

దానానికి కావాల్సినవి ఆస్తి బదిలీ చట్టం, 1882లో సెక్షన్ 122, 123 చెబుతాయి. ఇచ్చేవాడు ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం లేకుండా ఇవ్వాలి. పుచ్చుకునేవాళ్ళు గానీ వాళ్ళ తరఫువాళ్ళు గానీ ఇచ్చేవాడు బతికుండగానే స్వీకరించాలి. స్థిరాస్తి అయితే రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. మైనరు పుచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. ఇచ్చేది నువ్వు కాబట్టి స్వీకరించే సంతకం బిడ్డల తల్లి చేత పెట్టించు. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఒకటే కావడం చూడ్డానికి బాగుండదు, రేపు కోర్టులో అసలు బాగుండదు.

నాకు మూడు ప్రశ్నలున్నాయి, జవాబు చెప్పి ముందుకు పో. ఒకటి, ఆ మూడెకరాల 1బి, అడంగల్, అంటే రెవెన్యూ భూమి రికార్డులు, ఇప్పుడు ఎవరి పేరున ఉన్నాయి? రెండు, మీ నాయన వీలునామా రాశాడా? మూడు, నీకు అక్కచెల్లెళ్ళు ఉన్నారా?

లెక్కలక్క | నవంబరు 9

ఒంగోలులో ఆడిటర్ని. తాతగారి ప్రశ్నలు ముఖ్యమైనవే, అయితే అంతకంటే ముందు ఇంకో గేటు ఉంది. దాని పేరు ఫెమా, విదేశీ మారక నిర్వహణ చట్టం, 1999. దాని కిందే 2019లో వచ్చిన రూల్స్‌లో ఎన్నారైలు, ఓసీఐలు స్థిరాస్తి ఎలా పొందవచ్చు, ఎవరికి ఇవ్వవచ్చు అన్నది ఉంది. మీ మూడు ఆస్తులకూ మూడు వేరు జవాబులు వస్తాయి.

పొదలకూరు రోడ్డు ఇల్లు పాపకు ఇవ్వవచ్చు. ఓసీఐ తండ్రి ఓసీఐ కూతురికి, సాగుభూమి కాని ఆస్తి. దారి బాగానే ఉంది.

పొలం బాబుకు గిఫ్ట్ కుదరదు. ఎన్నారై గానీ ఓసీఐ గానీ వ్యవసాయ భూమి, ఫామ్ హౌస్, తోటల భూమి కొనకూడదు, గిఫ్టుగా పుచ్చుకోకూడదు. మీకు నాయన నుంచి రావడం తప్పు కాదు, ఎందుకంటే అది వారసత్వం. వారసత్వంగా పొలం రావచ్చు, దానంగా రాకూడదు. పైగా మీ బాబుకు ఓసీఐ కూడా లేదు. అంటే ఇవాళ ఈ రూల్స్ దృష్టిలో వాడు పరాయి దేశస్థుడు. వాడికి ఇల్లు కూడా గిఫ్టుగా ఇవ్వడానికి లేదు. ముందు ఆ కార్డు తీయించండి.

మీరు ఊహించనిది మూడోది. అమ్మగారు మనవడికి ఇల్లు గిఫ్ట్ చెయ్యాలంటే ఇద్దరూ 'బంధువులు' కావాలి. ఆ బంధువు అనే మాటకు అర్థం ఫెమా రూల్స్ కంపెనీల చట్టం, 2013 నుంచి తెచ్చుకున్నాయి. ఆ జాబితాలో తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్యాభర్తలు ఉన్నారు. మనవడు లేడు! 1956 నాటి పాత చట్టంలో ఉండేవాడు, కొత్తదాంట్లో ఎగిరిపోయాడు. ఆదాయపు పన్ను చట్టంలో బంధువు వేరు, అక్కడ మనవడు ఉన్నాడు, నాయనమ్మ ఇస్తే పన్ను లేదు. రెండు చట్టాల మధ్య నలిగేది మాత్రం తొమ్మిదేళ్ళ పిల్లోడు.

పెన్నాగట్టు_డాలస్ | నవంబరు 9

అక్కా, రెండుసార్లు చదివాను. నా బిడ్డకు నా పొలం నేను ఇచ్చుకోలేను, అంతేనా? మరి ఎవరికి ఇవ్వొచ్చు?

లెక్కలక్క | నవంబరు 9

ఇండియాలో నివాసముండే భారత పౌరులకు. మీ మేనల్లుడు ఎవరైనా ఊళ్ళో ఉంటే, వాడు మైనరైనా సరే, ఇవ్వవచ్చు.

కావలి_కుర్రోడు | నవంబరు 9

అక్కా, రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవన్నీ ఎవరూ అడగరు. పొలమైతే పాస్‌పుస్తకం, ఇల్లైతే పన్ను రశీదు చూస్తారు, అంతే. మా బాబాయిని ఒక్క ముక్క అడగలా.

లెక్కలక్క | నవంబరు 10

అడగరు. వాళ్ళ పని కూడా కాదు. దస్తావేజు నమోదు చెయ్యడం వాళ్ళ పని, ఫెమా చూడ్డం ఈడీ, రిజర్వ్ బ్యాంకుల పని. రిజిస్టరైంది కాబట్టి చట్టబద్ధం అనుకోవడం దగ్గరే అందరూ బోల్తా పడతారు. బయటపడేది ఎప్పుడంటే, పదేళ్ళ తర్వాత పిల్ల ఆ ఆస్తి అమ్మి డబ్బు అమెరికాకు పంపాలని బ్యాంకుకు పోయినప్పుడు. అక్కడ విదేశానికి డబ్బు పంపే పన్ను ఫారాలు, ఆస్తి ఎలా వచ్చిందో కాగితాలు అడుగుతారు. అప్పుడు తవ్వితే జరిమానా లావాదేవీ విలువకు మూడు రెట్ల దాకా పోవచ్చు. రాజీకి దరఖాస్తు పెట్టుకుని తక్కువలో బయటపడేవాళ్ళూ ఉన్నారు, కాదనను. మీ బాబాయి గారు రాసింది ఇల్లా, పొలమా?

కావలి_కుర్రోడు | నవంబరు 10

...రొయ్యల చెరువు అక్కా.

లెక్కలక్క | నవంబరు 10

ఆయన్ని ఒకసారి ఆడిటర్ని కలవమనండి. ఇంతకంటే ఇక్కడ రాయను.

ఒంగోలు_గిత్త | నవంబరు 10

ఫెమా నాకు తెలియదు, నేను ఏ దేశమూ పోలేదు. మైనరు పేరున ఆస్తి పెట్టడం అంటే ఏందో మాత్రం నన్ను అడగండి.

2009లో కర్నూలు రోడ్డు వైపు ఒక ప్లాటు మావాడి పేరున రాశా. అప్పుడు వాడికి 5 ఏళ్ళు. ఎందుకు రాశానంటే జ్యోతిష్యుడు చెప్పాడు, నా పేరున భూమి నిలవదని. 2017లో వ్యాపారంలో దెబ్బతిన్నా. ప్లాటు అమ్ముదామంటే మంచి బేరం వచ్చింది, అడ్వాన్సు కూడా తీసుకున్నా. కొనేవాళ్ళ లాయరు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) చూసి "ఇది మీది కాదు గదండీ, మైనరుది, కోర్టు పర్మిషన్ తెండి" అన్నాడు. నా డబ్బుతో కొన్న ప్లాటు, నేనే రాసిచ్చింది, నాది కాదా?

కాదు. కోర్టులో పిటిషన్ వేశాం. అక్కడ మొదటి ప్రశ్న, అమ్మితే బిడ్డకు ఏం లాభం? నా అప్పులు తీరతాయంటే అది బిడ్డ లాభం కాదంట. అదే డబ్బుతో వాడి పేరున అపార్ట్‌మెంటు కొంటానని మార్చి రాయించాం. వాయిదాలు, పేపరు ప్రకటన, విలువ అంచనా కాగితం. ఎనిమిదో నెలకు బేరగాడు విసిగిపోయి అడ్వాన్సు వెనక్కి అడిగాడు. 14 నెలలకు ఆర్డరు వచ్చింది, ఫలానా ధరకు తగ్గకుండా అమ్మాలి, డబ్బు మైనరు పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి అని. అప్పటికి నాకు అమ్మే ఓపికా లేదు, కొనే మనిషీ లేడు.

వాడికి ఇప్పుడు 21. సంతకం పెట్టరా అంటే "ఇప్పుడెందుకు నాయనా, రేటు పెరగనీ" అంటున్నాడు. ప్లాటు వాడిదే కదా, ఏమంటాం.

దస్తావేజు_తాత | నవంబరు 10

గిత్త చెప్పింది అక్షరాలా నిజం. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, 1956లో సెక్షన్ 8 అది. తల్లిదండ్రులు సహజ గార్డియన్లే గానీ, కోర్టు ముందస్తు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, మార్పిడి చెయ్యకూడదు, దానం చెయ్యకూడదు. లీజు కూడా అయిదేళ్ళు దాటకూడదు. అనుమతి లేకుండా అమ్మితే ఆ బిడ్డ మేజరయ్యాక మూడేళ్ళలోపు కోర్టుకు పోయి అమ్మకం రద్దు చేయించుకోవచ్చు. అందుకే తెలివైనవాడు మైనరు ఆస్తి కొనడు. బ్యాంకువాళ్ళు పిల్లోడి చదువు లోనుకు కూడా పిల్లోడి ఆస్తి తాకట్టు పట్టరు, విడ్డూరం చూడండి.

ఇంకోటి. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. 2003లో కె. బాలకృష్ణన్ వర్సెస్ కె. కమలం కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. కేరళలో ఒక తల్లి 16 ఏళ్ళ కొడుక్కి వాటా రాసిచ్చింది. తను బతికున్నంత కాలం ఆదాయం, పెత్తనం తనకే అని దస్తావేజులోనే పెట్టుకుంది. తర్వాత మనసు మారి రద్దు దస్తావేజు రాసింది. చెల్లదన్నారు. మైనరుకు తండ్రో తల్లో దానం ఇచ్చి, ఆ బిడ్డ కాదనకుండా ఉంటే, స్వీకరించినట్టే లెక్క అన్నారు.

దానపత్రంలో మేము రాసేవాళ్ళం, "నీయందు నాకు గల ప్రేమానురాగములచేత" అని. ఆ ప్రేమానురాగాలు తర్వాత తగ్గినా దస్తావేజు మాత్రం తగ్గదు.

అబ్బాయీ, నా మూడు ప్రశ్నలకు జవాబు రాలేదు.

అట్లాంటా_అత్తమ్మ | నవంబరు 11

అమెరికా వైపు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. మేమూ ఇదే చేయబోయి ఆగిపోయాం.

మీరు అమెరికా పౌరులు కాబట్టి ప్రపంచంలో ఎక్కడి ఆస్తి గిఫ్ట్ చేసినా ఐఆర్ఎస్‌కు, అంటే అమెరికా పన్ను శాఖకు, లెక్కే. 2025లో ఒక్కో మనిషికి 19,000 డాలర్లు దాటితే ఫారం 709 (గిఫ్ట్ పన్ను రిటర్ను) వెయ్యాలి. పన్ను పడదు, జీవితకాల మినహాయింపు కోటి డాలర్ల పైనే ఉంది, మన బోటివాళ్ళం దాన్ని దాటం. ఫారం మాత్రం తప్పదు, ఇంటి విలువకు అంచనా కాగితం దగ్గర పెట్టుకోండి. మీ అమ్మగారి లాంటి ఇండియా మనిషి నుంచి అమెరికా మనిషికి లక్ష డాలర్లు దాటిన గిఫ్ట్ వస్తే, పుచ్చుకున్నవాళ్ళు ఫారం 3520 వెయ్యాలి. మరిచిపోతే ఆ పెనాల్టీ చూసి మళ్ళీ స్టెంటు వెయ్యాల్సొస్తుంది.

మమ్మల్ని ఆపింది ఇది కాదు. కాలేజీ. మీ పాపకు 14 కదా, ఇంకో మూడేళ్ళలో ఫాఫ్సా, అంటే కాలేజీ ఆర్థిక సహాయానికి దరఖాస్తు, నింపాలి. ఆస్తి తల్లిదండ్రుల పేరున ఉంటే దాని విలువలో మహా అయితే 5.64 శాతం మీరు కాలేజీకి కట్టగలరని లెక్కలోకి తీసుకుంటారు. పిల్ల పేరున ఉంటే 20 శాతం. నెల్లూరు ఇల్లు ఆమె ఉండే ఇల్లు కాదు కాబట్టి మినహాయింపూ లేదు. బిడ్డ మీద ప్రేమతో రాసిన ఇల్లే బిడ్డకొచ్చే సహాయానికి గండి కొడుతుంది.

ఇంకో మాట, మీరు బతికుండగా ఇస్తే మీరు 2012లో కొన్న ధరే పాపకు ఖరీదుగా లెక్క. మీ తర్వాత వారసత్వంగా వస్తే, అమెరికా లెక్కల్లో ఆ రోజు విలువ ఖరీదు అవుతుంది. ఇండియాలో రెండు రకాలుగానూ మీ పాత ధరే.

లెక్కలక్క | నవంబరు 11

అత్తమ్మగారూ, ఫాఫ్సా సంగతి నాకు కొత్త, బాగా చెప్పారు. ఇండియా పన్ను కూడా కలుపుతా. మైనరు బిడ్డకు ఇల్లు ఊరికే రాసిచ్చినా, పన్ను లెక్కలో ఇంటి యజమాని ఇంకా తండ్రే. బాడుగ మీ రిటర్నులోనే చూపాలి. "పిల్లల పేరున పెడితే పన్ను తగ్గుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ దారి ఎప్పుడో మూసేశారు.

దర్గామిట్ట_దోస్త్ | నవంబరు 11

భాయ్, నేను కువైట్‌లో డ్రైవరు పని. ఇండియన్ పాస్‌పోర్టే. నా కొడుక్కి 7 ఏళ్ళు, నెల్లూరులో మా అమ్మ దగ్గరే చదువుతుండాడు. బుచ్చి దగ్గర ఎకరంన్నర వాడికి హిబా (మా ముస్లింలలో దానం) చెయ్యాలని. ఈ ఓసీఐ గొడవలు నాకూ వర్తిస్తాయా?

లెక్కలక్క | నవంబరు 12

మీ అబ్బాయి భారత పౌరుడు, ఇక్కడే ఉంటున్నాడు. కాబట్టి ఎన్నారై తండ్రిగా మీరు వాడికి పొలం ఇవ్వవచ్చు. అదే అబ్బాయి మీతో కువైట్‌లో ఉండి ఉంటే వాడూ ఎన్నారై అయ్యేవాడు, పొలం గిఫ్ట్ కుదిరేది కాదు. ఇంటికైతే ఆ ఇబ్బంది లేదు.

దస్తావేజు_తాత | నవంబరు 12

దోస్తుకు ఒక ముక్క. హిబాకు మామూలుగా ఆస్తి స్వాధీనం చెయ్యడం ముఖ్యం. తండ్రి తన మైనరు బిడ్డకు ఇస్తే మాత్రం స్వాధీనం వేరేగా చూపనక్కర్లేదు, ఇచ్చే మనసు స్పష్టంగా ఉంటే చాలు. ముస్లిం న్యాయంలో మైనరు ఆస్తికి గార్డియను తండ్రి, ఆయన తర్వాత ఆయన వీలునామాలో పెట్టిన మనిషి, ఆపైన తాత. తల్లి కాదు. నోటిమాట హిబా చెల్లుతుంది గానీ, పాస్‌పుస్తకం మారాలంటే దస్తావేజు ఉంటే నీకే సుఖం. రిజిస్టరు చేయించుకో.

పెన్నాగట్టు_డాలస్ | నవంబరు 15

తాతగారూ, ఆలస్యానికి మన్నించండి. ఆఫీసు పనితో పాటు, నిజం చెప్పాలంటే, మీ ప్రశ్నలకు జవాబు రాయడం ఇష్టం లేక.

1బి ఇప్పటికీ నాయన పేరునే ఉంది. వీలునామా లేదు. చెల్లెలు ఉంది, కందుకూరులో ఇచ్చాం. బావ ఆర్టీసీలో చేస్తాడు. వాళ్ళకు 12 ఏళ్ళ బాబు.

కట్నంగా అప్పట్లో బాగానే ఇచ్చాం. పొలం నాకే అని ఇంట్లో అందరికీ తెలుసు.

కందుకూరు_కోడలు | నవంబరు 15

అన్నా, నేను మీ చెల్లెల్ని కాదు, భయపడొద్దు. మా ఊళ్ళో కోడళ్ళు చాలామందిమి ఉన్నాం. "అందరికీ తెలుసు" అనేది ఏ సర్వే నంబరులో ఉందో చెప్తారా? మా అన్న కూడా ఇట్లాగే అన్నాడు. నాకు తెలిసింది సర్వేకు వచ్చిన రోజున.

దస్తావేజు_తాత | నవంబరు 15

కోడలమ్మ నా పని తగ్గించింది.

మీ నాయన వీలునామా లేకుండా పోయాడు. ఆ పొలం ఆయన సొంత సంపాదన అయితే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మీ అమ్మ, నువ్వు, చెల్లెలు, ముగ్గురూ సమాన వారసులు. తలా ఎకరం. పిత్రార్జితమైతే లెక్క కొంచెం మారుతుంది గానీ ఆడబిడ్డ వాటా ఎటూ పోదు. మన ఆంధ్రాలో ఆ హక్కు 1986లోనే చట్టంలోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కట్నం ఇచ్చాం అనేది వాటాకు రశీదు కాదు.

కాబట్టి నువ్వు బాబుకు ఇద్దామనుకున్న మూడెకరాల్లో నీది ఒకటి. లేనిది దానం ఇవ్వలేవు.

చెయ్యాల్సిన వరస చెబుతా. ముందు మీసేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. తర్వాత ముగ్గురూ కలిసి భాగపంపకం రాసుకోండి, రిజిస్టరు చేయించండి. ఆపైన మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, ఎవరి వాటాకు వాళ్ళకు పాస్‌పుస్తకం. వీటన్నిటికంటే ముందు ఆ సర్వే నంబరు 22ఎ, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూడు. మన నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాలనూ పీడించిన చుక్కల భూముల గొడవ తెలుసు కదా. తెల్లదొరల కాలపు రికార్డులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు, ఆ చుక్కలు వందేళ్ళ తర్వాత మనవళ్ళ రిజిస్ట్రేషన్లు ఆపాయి. మీది కోవూరు డెల్టా మాగాణి, బహుశా ఇబ్బంది ఉండదు. అయినా చూసుకో.

కావలి_కుర్రోడు | నవంబరు 16

తాతా, అన్నకు మూడు వారాలే టైము. అమెరికా నుంచి పవరాఫ్ అటార్నీ పంపితే పని కాదా?

దస్తావేజు_తాత | నవంబరు 16

అవుతుంది, మొదటిసారి మంచి ప్రశ్న వేశావు. జనరల్ వద్దు, ఆ ఒక్క పనికే స్పెషల్ పవర్ రాయించుకో. హ్యూస్టన్‌లో మన కాన్సులేటు ముందు గానీ, అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి గానీ పంపొచ్చు. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, జిల్లా రిజిస్ట్రారు దగ్గర అవుతుంది. ఆ మూడు నెలలు దాటించుకుని తలపట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశా. పవర్ ఎవరికిస్తావో అది మాత్రం నేను చెప్పలేను. బావకిస్తావో, బావమరిదికిస్తావో.

అట్లాంటా_అత్తమ్మ | నవంబరు 16

మరి వాళ్ళ అమ్మగారి ఇల్లు? మనవడి మీద ఆశ పెట్టుకుంది పాపం పెద్దామె.

లెక్కలక్క | నవంబరు 16

వీలునామా. ఇండియాలో ఉండే మనిషి నుంచి వారసత్వంగా వస్తే విదేశీ పౌరుడైన మనవడు కూడా పుచ్చుకోవచ్చు, బంధువు జాబితాతో పని లేదు, బాబుకు ఓసీఐ ఉందా లేదా అన్నదీ అడ్డం రాదు. స్టాంపు డ్యూటీ లేదు. నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. గిఫ్టే కావాలంటే అమ్మగారు ముందు కొడుక్కి, కొడుకు తర్వాత బిడ్డకు, రెండుసార్లు చలానా. పైగా ఆమె ఉండే ఇల్లు ఆమె బతికుండగానే ఇంకొకరిది అవుతుంది.

దస్తావేజు_తాత | నవంబరు 17

ఆ చివరి మాట కింద గీత పెట్టండి. ఎంత మంచి కొడుకైనా, ఉండే ఇల్లు రాసివ్వమని నేను ఏ పెద్దామెకూ చెప్పలేదు. తప్పనిసరై ఇస్తే జీవితకాలం అనుభవించే హక్కు తనకే ఉంచుకున్నట్టు రాయించేవాణ్ణి. కొంతమంది కొడుకులు దానికి కూడా మొహం మాడ్చుకునేవాళ్ళు. వాళ్ళ దస్తావేజు నేను రాయలేదు, పక్క కొట్టుకు పంపించా.

ఒంగోలు_గిత్త | నవంబరు 17

అందుకే తాతా నువ్వు ఇల్లు కట్టుకోలేదు.

దస్తావేజు_తాత | నవంబరు 17

కట్టుకున్నాలే. నా పేరునే ఉంది.

నిర్వాహకుడు | నవంబరు 18

మిత్రులారా, ఇద్దరు ముగ్గురు తమ దస్తావేజు ఫొటోలు పెట్టారు, తీసేశాను. నంబర్లు, పేర్లు కనబడేలా ఏదీ పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

పెన్నాగట్టు_డాలస్ | జనవరి 24

నిన్ననే తిరిగొచ్చాం. జరిగింది రాస్తానని మాటిచ్చినట్టు కాకపోయినా, రాయకపోతే తాతగారు ఊరుకోరు.

భోగి మర్నాడు చెల్లెలు వాళ్ళు వచ్చారు. రాత్రి అన్నాలయ్యాక నేనే ఎత్తాను. పొలంలో నీకు వాటా ఉంది, నాకిప్పుడే తెలిసింది అన్నాను. చెల్లెలు ఒక నిమిషం ఏమీ మాట్లాడలా. తర్వాత, "నాకు ఎప్పుడో తెలుసన్నా, నువ్వు అడుగుతావేమోనని చూస్తా ఉండా" అంది. బావ లేచి బయటికి పోయాడు, సిగరెట్టు తాగడు ఆయన.

నేను అప్పటికే ఒక లెక్క వేసుకుని ఉన్నా. నా ఎకరం మేనల్లుడి పేరున గిఫ్ట్ రాద్దామని, లెక్కలక్క చెప్పింది కదా వాడికి ఇవ్వొచ్చని. నేను ఎటూ వచ్చి దుక్కి దున్నేది లేదు. చెల్లెలు వద్దంది. "పిల్లోడి పేరున పెట్టి రేపు వాడి ఇంజనీరింగుకు కావాలంటే కోర్టు చుట్టూ నేను తిరగాల్నా? ఇచ్చేదుంటే నా పేరున ఇయ్యి, లేకుంటే నీ దగ్గరే పెట్టుకో" అంది. గిత్తన్న కథ ఆమెకు నేను చెప్పలేదు. ఆమెకెట్లా తెలుసో.

భాగపంపకం రిజిస్టరు అయింది. తలా ఎకరం. 22ఎలో లేదు. నా ఎకరం నా దగ్గరే ఉంది, చెల్లెలు వాళ్ళే చేసుకుంటారు, బస్తాలు అమ్మకు. అమ్మ తన ఇంటికి వీలునామా రాసి రిజిస్టరు చేయించింది, సగం మా బాబుకు, సగం చెల్లెలి కొడుక్కి. ఆ రెండో సగం సంగతి మాకెవ్వరికీ ముందు చెప్పలా. నేనూ పొదలకూరు రోడ్డు ఇంటికీ, నా ఎకరానికీ వీలునామా రాశాను. పాపకు ఇల్లు గిఫ్ట్ ఇప్పుడు చెయ్యలేదు. నాలుగేళ్ళు ఆగితే 18 వస్తుంది, కావాలంటే ఆమే వచ్చి పుచ్చుకుంటుంది. అడిగితే "అక్కడ బాత్‌రూమ్ బాగుచేయిస్తే ఆలోచిస్తా" అంది.

చిన్నోడి ఓసీఐకి దరఖాస్తు పెట్టాం. నా పాత ఇండియన్ పాస్‌పోర్టు రద్దు కాగితం కనబడక రెండు రోజులు ఇల్లంతా వెతికాం, చివరికి నాయన ట్రంకుపెట్టెలో దొరికింది. దాని కిందే పొలం పాత పన్ను రశీదులు, 1974 నుంచి, దారం కట్టి.

దస్తావేజు_తాత | జనవరి 24

ఆ రశీదులు పారెయ్యొద్దు. స్కాన్ చేసి చెల్లెలికి కూడా ఒక సెట్టు పంపించు.

దర్గామిట్ట_దోస్త్ | జనవరి 25

మా హిబా కూడా రిజిస్టర్ అయింది భాయ్. తాతగారూ, పాస్‌పుస్తకం రావడానికి ఎన్నాళ్ళు?

దస్తావేజు_తాత | జనవరి 25

వచ్చిన రోజున ఇక్కడ రాయి. నేనూ తెలుసుకుంటా.